ఓడిన రాత్రి నింద ఎవరింటికి నడుస్తుంది?



పోయిన వారం ఒక విద్యార్థి తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, యూనియన్ ఎన్నికల్లో ఓడిపోయాం. ఆదివారం రాత్రి హాస్టల్లో రివ్యూ మీటింగ్ ఉంది. మనోళ్లందరూ ఒక్క అమ్మాయి మీద కోపంగా ఉన్నారు. ఆఖరి రోజు డిబేట్‌లో ఆమె తడబడింది, అందుకే పోయిందంటున్నారు. మీటింగ్ ఎలా నడపాలో చెప్పన్నా" అని.

ఈ సిరీస్‌లో ఈ వారం రావాల్సిన భాగం వేరే. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నా. ఆ తమ్ముడికి ఫోన్లో అయిదు నిమిషాలు చెప్పి వదిలేసే జవాబు కాదిది. ఎందుకు కాదో చివర్లో చెప్తాను, అందులో నా తప్పు కూడా ఉంది.

జవాబు ఫుట్‌బాల్‌తో మొదలవుతుంది. నవ్వకండి. ఓటమి తర్వాత నాయకుడు ఏం చేస్తాడు, జనం ఏం చేస్తారు, నింద ఏ దారిలో ఎవరి ఇంటికి వెళ్తుంది, ఇవి కళ్ల ముందు కనబడే చోటు ఆట మైదానమే. పార్టీల్లో, సంఘాల్లో ఇదంతా తలుపులేసుకుని జరుగుతుంది. అక్కడ కెమెరాల ముందు జరుగుతుంది.

2021 జూలై 11, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. యూరో కప్ ఫైనల్. ఒకవైపు ఇటలీ, ఇటువైపు ఇంగ్లండ్. 1966లో ప్రపంచ కప్ గెలిచిన తర్వాత ఇంగ్లండ్ మగవాళ్ల జట్టు పెద్ద టోర్నమెంట్ ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. అంటే 55 ఏళ్ల ఆకలి. రెండో నిమిషంలోనే ల్యూక్ షా గోల్ కొట్టాడు. రెండో సగంలో బొనూచ్చి సమం చేశాడు. 120 నిమిషాలు ఆడినా 1-1. ఇక పెనాల్టీ షూటౌట్. తెలియని వాళ్ల కోసం: ఒక్కో జట్టు నుంచి అయిదుగురు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, పన్నెండు గజాల దూరం నుంచి గోల్‌కీపర్ ఒక్కడి ఎదురుగా బంతిని తన్నాలి. పదకొండు మంది ఆడే ఆట అక్కడ హఠాత్తుగా ఒంటరి మనిషి ఆట అయిపోతుంది. సెంటర్ సర్కిల్ నుంచి బంతి దాకా ఒక్కడే నడవాలి. ఈ నడకను గుర్తుపెట్టుకోండి.

హ్యారీ కేన్ కొట్టాడు. మగ్వైర్ కొట్టాడు. మార్కస్ రాష్‌ఫోర్డ్ కిక్ గోల్ స్తంభానికి తగిలింది. జేడన్ సాంచో కిక్‌ను ఇటలీ కీపర్ దొన్నరుమ్మా ఆపాడు. అయిదోవాడుగా బుకాయో సాకా నడిచాడు. వయసు 19. దాన్నీ దొన్నరుమ్మా ఆపాడు. 3-2తో ఇటలీ గెలిచింది.

తప్పిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు.

ఆ క్షణంలో ఏం జరగబోతోందో ఆ స్టేడియంలో చాలామందికి తెలుసు. సాకాకి అందరికన్నా ముందు తెలుసు. తనకు రాబోయే ద్వేషం ఎలాంటిదో తనకు వెంటనే తెలిసిపోయిందని నాలుగు రోజుల తర్వాత రాసుకున్న లేఖలో చెప్పాడు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 19 ఏళ్ల పిల్లవాడు జీవితంలో అతిపెద్ద మ్యాచ్ ఓడిపోయాడు. దుఃఖపడటానికైనా తీరిక లేదు, ముందు తిట్లకు సిద్ధపడాలి. మనలో ఎంతమందికి ఈ అనుభవం కొత్త? ఇంటర్వ్యూలో తడబడితే "ప్రిపేర్ కాలేదు" అనరు, "కోటా వాళ్లు ఇంతే" అంటారని ముందే తెలిసి లోపలికి వెళ్లిన వాళ్లం కదా మనం.

ఆ రాత్రే ముగ్గురి ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల కింద కోతి బొమ్మలు, అరటిపండు బొమ్మలు, మీ దేశానికి పోండి అనే రాతలు వరదలా వచ్చాయి. ముగ్గురూ పుట్టింది ఇంగ్లండ్‌లోనే. ఆ పోస్టుల్లో 207 నేరం కిందికి వస్తాయని పోలీసులు తేల్చారు. వాటి వెనకున్న ఖాతాల్లో ఎక్కువ భాగం వేరే దేశాలవి. ఆగస్టు మొదటి వారానికి బ్రిటన్‌లో 11 మందిని అరెస్టు చేశారు.

ఇప్పుడు మేనేజర్ దగ్గరికి వద్దాం. ఆయన పేరు గారెత్ సౌత్‌గేట్. (ఇంగ్లండ్‌లో కోచ్‌ని మేనేజర్ అంటారు. జట్టును ఎంచేదీ, నడిపేదీ అతనే.) సాకా కిక్ ఆగిన తర్వాత ఆయన మైదానంలోకి వెళ్లి ఆ పిల్లవాణ్ని ఛాతీకి అదుముకుని నిలబడ్డాడు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనబడేది తర్వాత ప్రెస్ ముందు ఆయన చెప్పిన మాట. పెనాల్టీలు ఎవరు తన్నాలో నిర్ణయించింది నేను, ప్రాక్టీసులో చూసి ఎంచుకున్నాను, కాబట్టి బాధ్యత నాది, ఏ ఆటగాడూ ఒంటరి కాదు, గెలిచినా ఓడినా కలిసే. సారాంశం ఇది.

ఇది పెద్దమనసుతో చెప్పిన అబద్ధం కాదని గమనించండి. అది నిజం. రాష్‌ఫోర్డ్‌నీ సాంచోనీ ఆయన మైదానంలోకి దింపింది 120వ నిమిషంలో. కేవలం పెనాల్టీల కోసమే. ఒళ్లు వేడెక్కలేదు, బంతి సరిగా కాలికి తగలలేదు. అలాంటి వాళ్లను నేరుగా దేశం మొత్తం చూస్తున్న కిక్‌కి పంపాడు. అయిదో కిక్ 19 ఏళ్ల వాడికి ఇచ్చాడు. నా లెక్కలో ఆ నిర్ణయాలు తప్పు. ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నాడు. ఇందులో మెచ్చుకోవడానికి ఏముంది అంటారా? మీరు పనిచేసిన సంఘాల్లో, పార్టీల్లో, కంపెనీల్లో, ఓడిన రాత్రే, ఇంకా ఎవరూ అడగకముందే, పేరు పెట్టి తన నిర్ణయాన్ని తనదిగా చెప్పిన నాయకులు ఎంతమందో ఒకసారి లెక్కపెట్టండి. నాకు ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

ఆయనకు ఈ గుణం ఎక్కడిది? ఆయన కూడా ఒకప్పుడు ఆ నడక నడిచాడు.

1996 జూన్ 26. అదే వెంబ్లీ. యూరో కప్ సెమీఫైనల్, జర్మనీతో. 1-1, షూటౌట్. రెండు జట్లూ అయిదుకు అయిదూ కొట్టాయి. ఆరో కిక్ ఎవరు? అంతవరకు ఎవరూ గట్టిగా ఆలోచించలేదు. పాతికేళ్ల డిఫెండర్ సౌత్‌గేట్ నేను వెళ్తానన్నాడు. పెద్ద ఆటలో అంతకుముందు అతను తన్నిన పెనాల్టీ ఒకే ఒకటి, అదీ పోయింది. ఇక్కడా పోయింది, జర్మనీ కీపర్ కోప్కే ఆపాడు. వెంటనే మోలర్ కొట్టి జర్మనీని ఫైనల్‌కి చేర్చాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ దేశంలో సౌత్‌గేట్ అంటే "పెనాల్టీ తప్పినవాడు". అదే ఏడాది ఒక పిజ్జా కంపెనీ యాడ్‌లో తలకు కాగితం సంచి తొడుక్కుని తన మీద తానే జోకు వేసుకున్నాడు. నవ్వించాడు, డబ్బు తీసుకున్నాడు. కానీ ఆ కిక్ తనను వదల్లేదని తర్వాత చాలాసార్లు చెప్పాడు.

రెండేళ్ల తర్వాత ఇంకో పాఠం. 1998 జూన్ 30, ఫ్రాన్స్‌లోని సెంతెతియెన్ ఊళ్లో ప్రపంచ కప్ మ్యాచ్, అర్జెంటీనా మీద. ఇరవై మూడేళ్ల డేవిడ్ బెక్‌హామ్, కిందపడి ఉండగానే సిమియోనేని కాలితో తట్టి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. మిగిలిన పదిమంది 2-2 దగ్గర నిలబెట్టారు, షూటౌట్‌లో ఓడారు. అప్పటి మేనేజర్ గ్లెన్ హాడిల్. షూటౌట్ ఒత్తిడి ప్రాక్టీసులో రాదు కాబట్టి ప్రాక్టీసు చేసి లాభం లేదన్నది ఆయన నమ్మకం. ఆఖరి కిక్ డేవిడ్ బ్యాటీకి ఇచ్చారు. అతను అంతకుముందు పెద్ద ఆటలో ఒక్క పెనాల్టీ కూడా తన్నలేదు. అది పోయింది. సౌత్‌గేట్ కూడా ఆ రోజు సబ్‌స్టిట్యూట్‌గా దిగి మైదానంలో ఉన్నాడు, ఇదంతా కళ్లారా చూశాడు.

మర్నాడు పత్రికలు నింద అంతా బెక్‌హామ్ నెత్తిన పెట్టాయి. పదిమంది సింహాలు, ఒక తెలివితక్కువ కుర్రాడు అన్నట్టుగా పతాక శీర్షిక. లండన్‌లో ఒక పబ్ బయట అతని దిష్టిబొమ్మను ఉరి తీశారు. ప్రాక్టీసు ఎందుకు లేదని అడగాల్సిన ప్రశ్న వెనక్కి పోయింది. అదే ఏడాది మేనేజర్ హాడిల్ తన ప్రపంచ కప్ డైరీని పుస్తకంగా అచ్చు వేసుకున్నాడు, ఆటగాళ్ల గదుల్లో జరిగిన సంగతులతో సహా. ఏ నాయకుడైనా ఓటమి తర్వాత చేయకూడని పనుల్లో దీనికి పైవరసలో చోటివ్వాలి.

హాడిల్ కథకు ఒక తోక ఉంది, మన పాఠకులకు చెప్పకుండా ఉండలేను. 1999 జనవరి చివర్లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆయన, వైకల్యంతో పుట్టినవాళ్లు పోయిన జన్మ కర్మను అనుభవిస్తున్నారనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. తన మాటల్ని వక్రీకరించారని తర్వాత అన్నాడు. దేశం ఊరుకోలేదు. ఫిబ్రవరి 2న ఉద్యోగం ఊడింది. అక్కడ కర్మ సిద్ధాంతం చెప్పినవాడికి ఉద్యోగం పోయింది. ఇక్కడ అదే చెప్పినవాళ్లకు పీఠాలు వచ్చాయి. కర్మ సిద్ధాంతం పని కూడా ఒక్కటే కదా: దెబ్బ తగిలినవాణ్ని పట్టుకుని, ఆ దెబ్బకు కారణం నువ్వే అనడం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. బెక్‌హామ్ తెల్లవాడే కదా, అతన్నీ ఉరి బొమ్మ చేశారు కదా, మరి రంగుకీ దీనికీ ఏమిటి సంబంధం అని. మంచి ప్రశ్న. తేడా ఇది. బెక్‌హామ్‌ని తిట్టినప్పుడు బెక్‌హామ్‌నే తిట్టారు. అతని జాతిని తిట్టలేదు, నీ దేశం ఏదని అడగలేదు. 2001లో గ్రీసు మీద ఫ్రీకిక్‌తో గోల్ కొట్టి జట్టును ప్రపంచ కప్‌కి చేర్చగానే అదే దేశం భుజాన వేసుకుంది. 2022 డిసెంబర్ 10న ఖతార్‌లో ఫ్రాన్స్ మీద కెప్టెన్ హ్యారీ కేన్ పెనాల్టీని గోల్ పైనుంచి తన్నాడు, 2-1తో ఇంగ్లండ్ ఇంటికి పోయింది. కేన్‌ని కొందరు విమర్శించారు. కానీ తప్పింది కేన్ ఒక్కడే. సాకా తప్పితే మాత్రం "వీళ్లు" తప్పారు. అగ్రకులం విద్యార్థి ఫెయిలైతే ఆ పిల్లవాడు ఫెయిల్. మనవాడు ఫెయిలైతే రిజర్వేషన్ ఫెయిల్.

బార్బోసా కథ తెలిస్తే ఇది ఎంత పాతదో అర్థమవుతుంది. 1950 జూలై 16, రియోలో మరకానా స్టేడియం. ప్రపంచ కప్ ఆఖరి మ్యాచ్. బ్రెజిల్‌కి ఉరుగ్వే మీద డ్రా చాలు. దాదాపు 2 లక్షల మంది జనం. బ్రెజిల్ ముందు గోల్ కొట్టింది, ఉరుగ్వే సమం చేసింది, 79వ నిమిషంలో గిగ్గియా రెండోది కొట్టాడు. 2-1. దేశం కూలిపోయినంత పని అయింది. చివరికి చొక్కా రంగు కూడా మార్చేశారు, ఈ రోజు మనం చూసే పసుపు చొక్కా ఆ ఓటమి నుంచి పుట్టిందే. కానీ చొక్కా మార్చుకున్నంత సులువుగా నిందను దించుకోలేకపోయారు. అది ముగ్గురి మీద పడింది: గోల్‌కీపర్ బార్బోసా, డిఫెండర్లు బిగోడి, జువెనాల్. ముగ్గురూ నల్లవాళ్లే. జట్టును నడిపించిన కోచ్ పేరు ఈ రోజు ఎంతమందికి గుర్తుంది? బార్బోసా పేరు మాత్రం తరాలకు అంటుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక దుకాణంలో ఒకావిడ తన కొడుక్కి అతన్ని చూపించి, దేశాన్ని ఏడిపించింది ఈయనే అని చెప్పిందని బార్బోసానే చెప్పుకున్నాడు. 1993లో శిక్షణలో ఉన్న జట్టును పలకరించడానికి వెళ్తే దురదృష్టం తెస్తాడని లోపలికి రానివ్వలేదంటారు. ఎదురొస్తే అపశకునం అనే మాట మన ఊళ్లలో ఎవరి గురించి వాడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. బ్రెజిల్‌లో పెద్ద శిక్ష 30 ఏళ్లు, నేను మాత్రం 50 ఏళ్లుగా అనుభవిస్తున్నాను అని బాధపడి, 2000 ఏప్రిల్‌లో 79 ఏళ్ల వయసులో చనిపోయాడు. నల్ల గోల్‌కీపర్లు ఒత్తిడి తట్టుకోలేరనే మాట అక్కడ దశాబ్దాల పాటు నడిచింది. ప్రపంచ కప్‌లో బ్రెజిల్ నంబర్ వన్ కీపర్‌గా ఒక నల్లజాతి ఆటగాడు, డీడా, టోర్నమెంట్ అంతా నిలబడటానికి 2006 దాకా పట్టింది.

బార్బోసాకి ఓడిన రాత్రి ఎవరైనా మైక్ ముందుకు వచ్చి "జట్టును ఎంచింది నేను" అని చెప్పి ఉంటే ఆ 50 ఏళ్లు తగ్గేవా? ఏమో. కొంచెమైనా తగ్గేవని నాకు అనిపిస్తుంది.

మళ్లీ సౌత్‌గేట్ దగ్గరికి. 2016లో మేనేజర్ అయినప్పుడు ఆయన మొదట పట్టుకున్న పనుల్లో ఒకటి ఈ పెనాల్టీల సంగతి. 1990, 1996, 1998, 2004, 2006, 2012, పెద్ద టోర్నమెంట్లలో ఇన్నిసార్లు ఇంగ్లండ్ షూటౌట్‌లో ఓడింది. ప్రతిసారీ ఒక మనిషి పేరు మిగిలింది. ఇన్నిసార్లు ఒకే చోట తప్పు జరిగితే అది మనిషి తప్పు కాదు, పద్ధతి తప్పు. ఇంగ్లండ్ ఆటగాళ్లు విజిల్ మోగగానే తొందరపడి తన్నేస్తారని, అందులో భయం ఉందని పరిశోధకులు అంతకుముందే గమనించారు. సౌత్‌గేట్ హయాంలో ప్రాక్టీసు పెట్టారు, ఎవరు ఏ వరసలో తన్నాలో ముందే తేల్చారు, పిప్పా గ్రేంజ్ అనే మనస్తత్వ నిపుణురాలిని తెచ్చుకున్నారు. 2018 జూలై 3న మాస్కోలో కొలంబియా మీద ఇంగ్లండ్ తన చరిత్రలో మొదటిసారి ప్రపంచ కప్ షూటౌట్ గెలిచింది. అందరూ గంతులేస్తుంటే సౌత్‌గేట్ ఒక మనిషి దగ్గరికి వెళ్లి కౌగిలించుకున్నాడు. అవతలి జట్టులో పెనాల్టీ తప్పిన కొలంబియా ఆటగాడు మతేయుస్ ఉరిబే అతను.

అంటే ఈయన పద్ధతిలో రెండు పనులున్నాయి. లోపల, తప్పు ఎక్కడ జరిగిందో మొహమాటం లేకుండా వెతకడం. బయట, ఆ తప్పుకు మనిషిని బలి ఇవ్వకపోవడం. చాలామంది నాయకులు దీన్ని తిరగేసి చేస్తారు. లోపల ఏమీ వెతకరు, బయట ఒకడిని అప్పగిస్తారు.

అయితే మిత్రులారా, సౌత్‌గేట్‌ని దేవుణ్ని చేయడానికి ఇది రాయడం లేదు. మంచి తెల్లాయన నల్లపిల్లల్ని కాపాడాడు అనే కథ నాకు వద్దు. ఆయన గొడుగు ఇన్‌స్టాగ్రామ్ వానను ఆపలేదు. ఆపింది, కనీసం ఎదురు నిలిచింది, ఆ పిల్లలే. రాష్‌ఫోర్డ్ తన ప్రకటనలో ఏం చెప్పాడంటే, పెనాల్టీ బాగా తన్నలేదు, దానికి క్షమాపణ చెప్తాను, కానీ నేను ఎవరినో, ఎక్కడి నుంచి వచ్చానో దానికి మాత్రం ఎన్నటికీ చెప్పను. ఈ గీత గీయడం ఎంత కష్టమో మనకు తెలుసు. పొరపాటు వేరు, పుట్టుక వేరు. మనం చాలాసార్లు పొరపాటుకు క్షమాపణ చెప్పబోయి పుట్టుకకు కూడా చెప్పేస్తాం.

ఆ రాష్‌ఫోర్డ్ ఎవరు? 2020లో లాక్‌డౌన్ సమయంలో, సెలవుల్లో పేద పిల్లలకు భోజనం ఆపేస్తామన్న ప్రభుత్వాన్ని ఒక లేఖతో వెనక్కి తగ్గించినవాడు. సుమారు 13 లక్షల మంది పిల్లలకు అది అన్నం. తానూ చిన్నప్పుడు స్కూల్లో పెట్టే ఉచిత భోజనం తిన్నవాడే. అతను పెనాల్టీ తప్పగానే అధికార పార్టీ ఎంపీ ఒకరు, రాజకీయాలు చేసే బదులు ఆట మెరుగుపరచుకుని ఉండాల్సిందని తోటి ఎంపీల వాట్సాప్ గ్రూపులో రాసింది. బయటపడ్డాక క్షమాపణ చెప్పింది. "చదువుకోడానికి వచ్చి మీకు ఈ రాజకీయాలెందుకురా" అనే మాట ఇంగ్లీషులో కూడా అచ్చం ఇలాగే ఉంటుందన్నమాట!

నింద అక్కడ ఆ రాత్రే మొదలవలేదు కూడా. నెల ముందు, జూన్‌లో, మిడిల్స్‌బ్రోలో ఆడిన మ్యాచ్‌లకు ముందు ఇంగ్లండ్ ఆటగాళ్లు జాతి వివక్షకు వ్యతిరేకంగా మోకాలి మీద కూర్చుంటే, సొంత అభిమానుల్లో కొందరు గేలి చేశారు. హోం మంత్రి ప్రీతి పటేల్ దాన్ని సైగల రాజకీయం అంది. ఫైనల్ తర్వాత ఆవిడే జాత్యహంకారం అసహ్యం అంటే, టైరోన్ మింగ్స్ అనే ఆటగాడు, మొదట నిప్పు రాజేసింది మీరే కదా అని బహిరంగంగా అడిగేశాడు. సౌత్‌గేట్ మాత్రం జూన్ 8న దేశానికి రాసిన బహిరంగ లేఖలో, సమానత్వం గురించి మాట్లాడటం నా ఆటగాళ్ల బాధ్యత, వాళ్లు మాట్లాడాలి అని తేల్చి చెప్పాడు. గెలవకముందే, ఓడకముందే వాళ్ల పక్కన నిలబడ్డాడు. ఓడిన రాత్రి అన్న మాటకు విలువ వచ్చింది అందుకే. ఏడాదంతా నోరెత్తకుండా ఉండి ఓడిన రాత్రి భుజం తడితే అది ఓదార్పు మాత్రమే.

వెంబ్లీ ఫైనల్ జరిగిన మూడున్నర వారాలకే ఇదంతా మన దేశంలో, ఫుట్‌బాల్ బదులు హాకీ పేరుతో జరిగింది. 2021 ఆగస్టు 4, టోక్యో ఒలింపిక్స్. మహిళల హాకీ సెమీఫైనల్లో అర్జెంటీనా మీద భారత్ 2-1తో ఓడింది. జట్టులో ఫార్వర్డ్ వందనా కటారియా. దళిత కుటుంబం. నాలుగు రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ ఆమె. ఆ మ్యాచ్ 4-3. ఆమె మూడు గోల్స్ తీసేసి లెక్కేసుకోండి.

ఓడిన సాయంత్రం హరిద్వార్ జిల్లా రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు అగ్రకుల మగవాళ్లు టపాకాయలు కాల్చారు, డాన్సులు వేశారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు, అందుకే ఓడిందని కులం పేరుతో తిట్టారు. కుటుంబం ఫిర్యాదు చేస్తే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టి అరెస్టులు చేశారు. వెంబ్లీలో నింద ఫోన్లో వచ్చింది. రోష్నాబాద్‌లో నడిచి ఇంటికి వచ్చింది. సాకాని తిట్టినవాళ్లు తమ జట్టు ఓడిందని తిట్టారు. వందన ఇంటి ముందుకు వచ్చినవాళ్లు తమ దేశం ఓడితే పండగ చేసుకున్నారు. ఈ తేడాను చరిత్ర విద్యార్థులు ఎవరైనా విడిగా రాయాలి. అంబేడ్కర్ చెప్పిన అంచెల అసమానతలో గౌరవం పైకి పోతుంటే తిరస్కారం కిందికి దిగుతుంది. జాతీయ జెండా కూడా ఆ మెట్ల వరసను మార్చలేకపోయింది.

రెండు రోజుల తర్వాత కాంస్యం కోసం బ్రిటన్ మీద ఆడిన మ్యాచ్‌లో వందన మళ్లీ దిగింది. ఆ మ్యాచ్‌లో కూడా ఒక గోల్ ఆమెదే. 4-3తో ఓడారు. తర్వాత కెప్టెన్ రాణీ రాంపాల్ మాట్లాడుతూ, మేమంతా వేర్వేరు మతాల నుంచి, వేర్వేరు చోట్ల నుంచి వచ్చి దేశం కోసం ఆడుతున్నాం, ఇలా చేయడం సిగ్గుచేటు అనే అర్థంలో బహిరంగంగా ఖండించింది. కెప్టెన్ అన్నమాట అది.

ఇప్పుడు తమ్ముడి మెసేజ్ దగ్గరికి, నా తప్పు దగ్గరికి.

చాలా ఏళ్ల కింద నేను చదివిన యూనివర్సిటీలో మా సంఘం కూడా ఎన్నికల్లో కొద్ది తేడాతో ఓడింది. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఇరవై మంది కూర్చున్నాం. అందరం మన వాళ్లమే, గోడ మీద బాబాసాహెబ్ ఫొటో. మీటింగ్ నడిపింది నేను. అభ్యర్థిని ఎంచింది నేను, పొత్తు మాట్లాడి చెడగొట్టుకుంది నేను, కరపత్రం ఆలస్యంగా అచ్చుకిచ్చింది నేను. కానీ గంటలోపే మాటలన్నీ ఒక ఫస్టియర్ తమ్ముడి మీదికి వెళ్లాయి. ఒక హాస్టల్ బ్లాకు ప్రచారం అతనికి అప్పగించాం, అక్కడ ఓట్లు తక్కువ వచ్చాయి. ఉపకులాల లెక్కల్లో కూడా అతను మాలో కింది మెట్టు. ఆ లెక్క ఎవరూ నోటితో అనలేదు, కానీ గదిలో ఉంది. నేను ఆపొచ్చు. ఆపలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది, మాటలు నా మీదికి రావడం లేదు కదా అని. ఆ తమ్ముడు ఏమీ అనలేదు. తర్వాతి మీటింగ్‌కి రాలేదు, ఆ తర్వాత ఏ మీటింగ్‌కీ రాలేదు. బ్రాహ్మణవాదం గురించి ఆ రోజుల్లో నేను గంటలు గంటలు మాట్లాడేవాణ్ని.

కాబట్టి తమ్ముడూ, మీటింగ్ అజెండా రాసేటప్పుడు మొదటి అంశంగా ఆ అమ్మాయి డిబేట్ పెట్టొద్దు. డిబేట్‌కి ఆమెను ఎంచిందెవరు, ఎన్ని రోజుల ముందు చెప్పారు, ఎవరు ప్రాక్టీసు చేయించారు, ఆమె తడబడుతుంటే ముందు వరసలో కూర్చున్న మీ సీనియర్లు ఏం చేశారు, ఇవి రాయి. ఎంచింది నువ్వే అయితే మొదటి వాక్యం నువ్వే మాట్లాడు. మీటింగ్‌కి ముందే ఆమెకు ఫోన్ చెయ్యి, మీటింగ్ తర్వాత కాదు. ఆమె తన పొరపాటు తాను చెప్పుకుంటానంటే చెప్పనివ్వు, అడ్డుపడి కాపాడేయకు. వచ్చే ఏడాది డిబేట్ ఎవరిదో ఆ మీటింగ్‌లోనే తేల్చాల్సిన పని లేదు. కానీ ఆమె పేరు ఆ లిస్టులో ఉండాలి.

చివరిదాన్నే సౌత్‌గేట్ అందరి విషయంలో చేయలేకపోయాడని కూడా చెప్పాలి. 2021 అక్టోబర్ తర్వాత సాంచో ఆయన జట్టులో మళ్లీ ఆడలేదు. ఆ పిల్లవాడి ఆట తగ్గిందన్నారు. కావచ్చు. రాష్‌ఫోర్డ్ 2022 ప్రపంచ కప్‌లో మూడు గోల్స్ కొట్టాడు, 2024 యూరో కప్ జట్టులో లేడు. సాకా మాత్రం నిలబడ్డాడు.

ఆ 2024 యూరో కప్‌లోనే ఇంగ్లండ్ ఆట బాగాలేదని, స్లొవేనియాతో డ్రా అయిన రోజు సొంత అభిమానులు సౌత్‌గేట్ మీద ప్లాస్టిక్ గ్లాసులు విసిరారు. ఆ కోపం ఆటగాళ్ల మీద కాకుండా తన మీద పడితేనే జట్టుకు మేలని ఆయన అన్నాడు. జూలై 6న డస్సెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లాండ్ మీద క్వార్టర్‌ఫైనల్. 1-0తో వెనకపడి ఉండగా 80వ నిమిషంలో గోల్ కొట్టి సమం చేసింది సాకా. మళ్లీ షూటౌట్. గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ నీళ్ల బాటిల్ మీద అవతలి జట్టులో ఎవరు ఎటు తన్నుతారో రాసి అంటించుకున్నారు. అకాంజీ వస్తే ఎడమకు దూకు అని ఉంది, దూకాడు, బంతి అక్కడే ఉంది. ఇంగ్లండ్ తరఫున పామర్, బెల్లింగ్‌హామ్, సాకా, టోనీ, అలెగ్జాండర్-ఆర్నాల్డ్. అయిదుకు అయిదు. 5-3.

మూడోవాడుగా సాకా నడిచాడు. అప్పటికి వయసు 22. ఒకసారి ఓడిపోవచ్చు, మళ్లీ అదే చోట నిలబడాలా వద్దా అనేది మాత్రం మన ఇష్టం అని మ్యాచ్ తర్వాత చెప్పాడు. ఎనిమిది రోజులకు ఇంగ్లండ్ ఫైనల్లో స్పెయిన్ చేతిలో ఓడింది. జూలై 16న సౌత్‌గేట్ రాజీనామా చేశాడు.

వచ్చే భాగంలో, ఈ వారం రావాల్సిన పల్వంకర్ సోదరుల కథ. దళితుడని అన్న బాలూకి ఏళ్ల తరబడి హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వకపోవడం, 1920లో తమ్ముళ్లు విఠల్, శివరాం జట్టు నుంచి బయటికి నడవడం, 1923లో విఠల్ కెప్టెన్ కావడం. తమ్ముడూ, ఆదివారం మీటింగ్ ఎలా జరిగిందో కామెంట్లో వద్దు, ఇన్‌బాక్స్‌లో రాయి.